ఖాళీ గడి లేని మండలం

పౌర పత్రం చేతికొచ్చిన రోజున ఎర్నమ్మకి అయిదు లక్షల ముప్పై అయిదు వేల అయిదు వందల ఏళ్ళని తేలింది. వృత్తి అన్నచోట నలభై ఏడు అని ఉంది. ఊరు అన్నచోట వంటమనిషి అని ఉంది. వీధి దిబ్బలవలస, ఇంటి నంబరు కాలవ గట్టు. ఆవిడకి చదువు రాదు గనక ఫొటో చూసుకుని బాగానే ఉందనుకుంది. బడి హెడ్మాస్టరు చదివి వినిపించాక పొయ్యి మీద పప్పు దించి, నేరుగా పౌర వివరాల కేంద్రానికి నడిచొచ్చి, కిటికీ దగ్గర కూర్చునే సన్యాసిరావు ముందు ఆ పత్రం పెట్టింది.

సన్యాసిరావు తొమ్మిదేళ్ళుగా ఆ కేంద్రంలో కాంట్రాక్టు ప్రోగ్రామరు. పత్రం అతను తన వైపు తిప్పుకున్నాడు. ఏం జరిగిందో ఒక్క చూపులో అర్థమైపోయింది. చేసిందెవరో కూడా తెలుసు. అతనే.

దిబ్బలవలస మండలంలో ప్రతి మనిషీ కంప్యూటర్లో ఒక వరస. వరసకి పది గడులు: పేరు, తండ్రి పేరు, జీవిత భాగస్వామి, ఇంటి నంబరు, వీధి, ఊరు, వృత్తి, వయసు, పిన్‌కోడు, చిట్టచివర మరణ తేదీ. గడికీ గడికీ మధ్య ఒక నిలువు గీత. ఆ వరసల్ని ఒక్కొక్కటే చదివి ముక్కలు చేసే ప్రోగ్రాం, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో సన్యాసిరావే సి అనే కంప్యూటరు భాషలో ఒక్క మధ్యాహ్నంలో రాసి పారేశాడు. ముక్కలు కోయడానికి ఆ భాషలో స్టర్‌టాక్ అని ఒక ఫంక్షను సిద్ధంగా దొరుకుతుంది. గీత కనబడ్డ చోటల్లా తెంపి ముక్క చేతికిస్తుంది. చాలా చురుకైనది, కానీ దానికి ఖాళీ అంటే ఏమిటో తెలీదు. రెండు గీతలు పక్కపక్కనే ఉంటే మధ్యలో ఒక ఉత్త గడి ఉందని దానికి పట్టదు. రెంటినీ ఒక్క గీత కిందే జమకట్టి, తరవాతి ముక్కని ఈ గడిలో తెచ్చి కూర్చోబెడుతుంది. అక్కణ్ణించి బండిలో అందరూ ఒక సీటు ముందుకి జరిగినట్టు మొత్తం వరస జరిగిపోతుంది.

ఈ సంగతి సన్యాసిరావుకి అప్పుడూ తెలుసు. తెలిసే రాశాడు. ఇల్లంటూ ఉన్నాక ఇంటికి నంబరు లేకుండా ఎలా ఉంటుంది అనుకున్నాడు. తొమ్మిదేళ్ళపాటు ఆ ప్రోగ్రాంని జనాభా లెక్కకి తప్ప దేనికీ వాడకపోవడం వల్ల అతని అభిప్రాయానికి ఏ ఇబ్బందీ రాలేదు. ఈ ఏడాది పౌర పత్రాలు అచ్చువెయ్యడం మొదలయ్యాక, కాలవ గట్టు మీద నంబరు లేని పాకలో ఉండే ఎర్నమ్మ ఆ అభిప్రాయాన్ని చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"నా వయసు తగ్గించమని అడగను బాబూ," అంది ఎర్నమ్మ. "ఉన్నదెయ్యండి సాలు. అరవై దాటితే బళ్ళో పొయ్యికాడికి రానివ్వరంట."

పన్నెండేళ్ళుగా ఆవిడ ఆ బడిలో నూట నలభై మంది పిల్లలకి మధ్యాహ్నం వండి పెడుతోంది. ఈ నెలాఖరుకి జిల్లా కార్యాలయం ఆ పోస్టు మళ్ళీ నింపుతోంది. పౌర పత్రంలో అరవై లోపు వయసున్నవాళ్ళే అర్హులు. ఆవిడ కాక ఇంకా ఇద్దరు దరఖాస్తు పెట్టారు. అందులో ఒకావిడ సర్పంచి గారి మేనత్త. ఆవిడ పత్రంలో అన్ని గడులూ నిండుగా ఉన్నాయి.

సన్యాసిరావు ఆ పూటే ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్ళి తప్పు తనదేనని ఒప్పేసుకున్నాడు. మూడు లైన్లు మారిస్తే సరిపోతుందనీ, పది నిమిషాల పని అనీ చెప్పాడు. త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ఏదైనా కాదనబోయే ముందు కళ్ళజోడు తీస్తారని కార్యాలయంలో అందరికీ తెలుసు.

"చూడండి, సన్యాసిరావు గారూ. సదరు ప్రోగ్రాము అయిదుగురు సభ్యుల సంఘముచే ధ్రువీకరించబడినది. ధ్రువీకరించబడిన దానిలో దోషము ఉండుటకు ఆస్కారము లేదు. దోషము ఖాళీలో ఉన్నది."

మార్చాలంటే ఆ సంఘమే మళ్ళీ కూడాలి. అయిదుగురిలో ఇద్దరు పదవీ విరమణ చేశారు, ఒకాయన కాలం చేశారు, ఒకాయన ఎక్కడున్నారో ఆయన ఇంట్లోవాళ్ళకే తెలీదు. అయిదో ఆయన త్రివిక్రమరావు గారే. ఒక్కరే కూడితే సంఘం కాదని ఆయన చాలా బాధగా చెప్పారు. ప్రోగ్రాం మారదు గనక మండలం మారాలి. నలభై ఒక్క వేల ఆరు వందల పదమూడు మందిని మార్చడం కష్టమే గాని, దానికి ఎవరి ధ్రువీకరణా అక్కర్లేదు.

మర్నాడు సర్క్యులరు వచ్చింది. మండలంలో ఏ పౌరుడూ ఏ గడినీ ఖాళీగా ఉంచరాదు. ఖాళీ నిర్మూలన పక్షోత్సవాలు పదిహేను రోజులు జరుగుతాయి. కార్యాలయం ముందు బ్యానరు కట్టారు. స్కూలు పిల్లల చేత ఖాళీకి వ్యతిరేకంగా ప్రతిజ్ఞ చేయించారు.

మొదటి రెండు రోజులూ జనం తెలివిగా ఖాళీల్లో "లేదు" అని రాసుకొచ్చారు. సన్యాసిరావు చాలా సంతోషించాడు. అది చాలు, వరస జరగదు, ఎర్నమ్మ వయసు మళ్ళీ నలభై ఏడుకి వచ్చేస్తుంది. అందరికంటే ముందు ఆవిడ ఫారంలో ఇంటి నంబరు దగ్గర తన చేత్తోనే "లేదు" అని రాశాడు. మూడో రోజున రెండో సర్క్యులరు వచ్చింది. "లేదు" అని రాయడమంటే ప్రభుత్వ రికార్డులో లేమిని అంగీకరించడం అవుతుంది. "లేదు", "నిల్", సున్నా, అడ్డగీత ఇవన్నీ మారువేషంలో ఉన్న ఖాళీలేనని, వాటిని కూడా నిర్మూలించాలని అందులో ఉంది. ఎర్నమ్మ గడిలో అతను రాసింది కూడా కొట్టేశారు.

దాంతో పెళ్ళికాని వాళ్ళకి చిక్కొచ్చింది. జీవిత భాగస్వామి గడి నిండాలి. త్రివిక్రమరావు గారు మానవతా దృక్పథంతో ఆలోచించి, అవివాహితుల్లోనూ, ఒంటరి వాళ్ళలోనూ అక్షర క్రమంలో పక్కపక్కనే ఉన్నవాళ్ళని జంట కలిపి, ఈ ఏర్పాటు రికార్డు నిమిత్తం మాత్రమేనని కింద సన్నక్షరాల్లో వేయించారు. ముప్పై మూడేళ్ళ సన్యాసిరావుకి రిటైరైన నర్సు సన్యాసమ్మ గారు తగిలారు. ఆవిడ కార్యాలయానికొచ్చి అతన్ని పైనుంచి కింద దాకా చూసి, పాతికేళ్ళు ఆస్పత్రిలో నీలాంటి వాళ్ళకి సూదులు పొడిచాను నాయనా అని, సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

ఇళ్ళ నంబర్లకి పంచాయతీ వాళ్ళు సున్నం డబ్బా పట్టుకుని బయల్దేరారు. ఇళ్ళయ్యాయి, కొట్టాలయ్యాయి, కాపలావాడు పడుకునే పంపుషెడ్డు అయింది. బస్సు స్టాండులో ఉండే సాధువుకి ఆయన పడుకునే బెంచీ మీదే నంబరు వేశారు. కాలవ గట్టు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. గట్టు నీటిపారుదల శాఖది. పాకకి నంబరు వేస్తే అక్కడ పాక ఉందని ఒప్పుకున్నట్టవుతుంది, లేని పాకకి నంబరు వేయడం ఎలాగని ఆ శాఖ ఇంజనీరు రాతపూర్వకంగా అడిగాడు. గట్టు మీద ఒకప్పుడు పదిహేను కుటుంబాలుండేవి. అందరూ కాలనీకి వెళ్ళిపోయారు. బడికి దగ్గరని ఎర్నమ్మ ఒక్కతే ఉండిపోయింది. జీవిత భాగస్వామి గడిలో మాత్రం ఆవిడకి ఇబ్బంది రాలేదు. భర్త ఎప్పుడో మద్రాసు వైపు పనికి పోయి తిరిగి రాలేదు. మనిషి లేకపోయినా గడికి పేరు చాలు.

ఎవరిదో ఒకరి నంబరు రాయించుకోమని సన్యాసిరావు బతిమాలాడు. కాలనీలో తెలిసినవాళ్ళది, పోనీ తన ఇంటిదే రాస్తానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఒకరి కొంప నాదని ఎలా సెప్పను బాబూ? రేపెవరైనా సూడ్డానికొస్తే కూకోబెట్టడానికి పీట కూడా నాది కాదు కదా."

సన్యాసిరావుకి కోపం వచ్చింది. ఎర్నమ్మ మీద కాదు. ఏ మధ్యాహ్నం ఆ ప్రోగ్రాం రాశాడో ఆ మధ్యాహ్నం మీద. ఆ రోజు ఇంకో పావుగంట కూర్చుని ఉంటే ఈవిడ ఇలా ఎండలో నిలబడేది కాదు.

పన్నెండో రోజుకి త్రివిక్రమరావు గారు అన్ని గడులూ తనిఖీ చేయించి, ఒక ఘోరం కనిపెట్టారు. మరణ తేదీ అనే పదో గడి మండలంలో దాదాపు అందరికీ ఖాళీగా ఉంది. నలభై ఒక్క వేల ఖాళీలు ఒకే నిలువు వరసలో, ఇన్ని రోజులూ ఆయన కళ్ళ ముందే ఉన్నాయి. ఆయన ఆ పూట భోజనం చెయ్యలేదు.

మూడో సర్క్యులరు ప్రకారం ప్రతి పౌరుడూ తన మరణ తేదీని మూడు రోజుల్లోగా తెలియజేయాలి. తేదీ విషయంలో పౌరులకి పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు. జ్యోతిష్కుల ఇళ్ళ ముందు చెప్పుల గుట్టలు పెరిగాయి. మొగుడూ పెళ్ళాలు ఎవరు ముందన్న దాని మీద క్యూలోనే తగువులాడుకున్నారు. కిరాణా కొట్టు యజమాని ఒకాయన పుష్కరాల వ్యాపారం చూసుకుని ఆ తరవాతి వారం రాయించాడు. త్రివిక్రమరావు గారు సరిగ్గా నూరేళ్ళ తరవాతి ఏకాదశి తీసుకున్నారు. ఎర్నమ్మ వంతు వచ్చింది.

"సెలవులిచ్చిన రోజెయ్యండి బాబూ. బడున్న రోజైతే పిల్లలకి కూడుండదు."

సన్యాసిరావు మే నెలలో ఒక తేదీ వేశాడు. వేస్తూండగా అతనికి ప్రోగ్రాంలో ఆ పదో గడిని తను ఎలా చదివించాడో గుర్తొచ్చింది. ఆ గడిలో ఉన్నది ఏ తేదీ, వచ్చిపోయిందా, రాబోతోందా అని ప్రోగ్రాం చూడదు. పదో ముక్క దొరికిందా లేదా, అంతే. దొరికితే ఆ మనిషి మృతుల జాబితాలోకి వెళ్ళిపోతాడు. చావని వాడు చావు తేదీ రాసుకుంటాడని తొమ్మిదేళ్ళ కిందట ఎవరనుకున్నారు?

అతను వెంటనే హెచ్చరిక నోటు రాశాడు. కార్యాలయ నోటుకి ఒక ఫారం ఉంది. అందులో "గతంలో ఇట్టి సమస్య తలెత్తిన తేదీ" అని ఒక గడి ఉంది. అలాంటి సమస్య భూమ్మీద ఎక్కడా తలెత్తలేదు గనక అతను అది వదిలేశాడు. ఖాళీ ఉన్నందున నోటు తిరస్కరించడమైనది అని గంటలో తిరిగొచ్చింది. ఇంకేం చెయ్యాలో తోచక, తన మరణ తేదీ గడిలో ఫిబ్రవరి ముప్పై అని రాసుకున్నాడు. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

పదిహేనో రోజుకి మండలంలో ఒకే ఒక్క ఖాళీ మిగిలింది. ఎర్నమ్మ ఇంటి నంబరు. జిల్లా నుంచి సన్మానపు శాలువా రావలసిన సమయంలో ఆ ఒక్క గడి త్రివిక్రమరావు గారి కంట్లో నలుసైంది. ఆవిడ పేరే జాబితాలోంచి తీసేద్దామని చూశారు. పేరు తొలగింపు ఫారంలో రెండో ప్రశ్న ఇంటి నంబరు. ఖాళీ వదలరాదు. ఆయన ఆ ఫారం మడిచి సొరుగులో పెట్టేశారు. ఆఖరికి ఆవిడ వరసని అలాగే ఉంచి, ఉత్సవాల నివేదికలో "ఒక పౌరురాలి సహాయ నిరాకరణ మినహా" అని రాయించారు.

శుక్రవారం పొద్దున్న పదిన్నరకి సన్యాసిరావు ప్రోగ్రాం నడిపాడు. నడపనన్నాడు గాని, నడపకపోవడానికి రాతపూర్వక కారణం అడిగారు, ఆ ఫారంలో ఏడు గడులున్నాయి. ప్రోగ్రాం నాలుగు నిమిషాల్లో నలభై ఒక్క వేల ఆరు వందల పదమూడు వరసలు చదివింది. మృతులు నలభై ఒక్క వేల ఆరు వందల పన్నెండు. జీవించి ఉన్నవారు ఒక్కరు. వివరాలు ఆటోమేటిక్‌గా జిల్లాకి వెళ్ళిపోయాయి.

బతికినామె ఎవరో చూడ్డానికి సన్యాసిరావుకి స్క్రీను అక్కర్లేదు. ఆవిడ వరసలో ఇంటి నంబరు లేదు గనక స్టర్‌టాక్ ఎప్పటిలాగే ఆ ఖాళీని మింగింది. వరసంతా ఒక గడి ముందుకి జరిగింది. మరణ తేదీ వెళ్ళి పిన్‌కోడులో కూర్చుంది. పదో ముక్క దొరకలేదు. అయిదు లక్షల ఏళ్ళు మీద వేసిన అదే తప్పు ఆవిడ ప్రాణం కాపాడింది. అతను కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తరవాత నవ్వాడు. నవ్వుతూంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మృతుల జాబితాలో తన పేరు పక్కన ఫిబ్రవరి ముప్పై అని స్పష్టంగా ఉంది.

సోమవారం జిల్లా నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది వంట పోస్టు గురించి. ముగ్గురు అభ్యర్థుల్లో ఇద్దరు కీర్తిశేషులైనందున మిగిలిన అభ్యర్థిని ఎంపిక చేయడమైనదనీ, ఆమె వయసు ఎక్కువైనప్పటికీ మండలంలో ప్రాణమున్న వేరొకరు లేనందున అయిదు లక్షల ముప్పై అయిదు వేల నాలుగు వందల నలభై ఏళ్ళ వయోపరిమితి సడలింపు ఇవ్వడమైనదనీ ఉంది. సర్పంచి గారి మేనత్త కార్యాలయం మెట్ల మీద కూర్చుని, తను బతికే ఉన్నానని గట్టిగా వాదించింది. బతికి ఉన్నట్టు ధ్రువపత్రం తెమ్మన్నారు. దాని మీద సంతకం పెట్టవలసిన డాక్టరు గారు ఆ జాబితాలోనే ఉన్నారు.

రెండో ఉత్తరం త్రివిక్రమరావు గారికి. మండలాన్ని తిరిగి బతికించమని ఆయన పంపిన ప్రతిపాదన వాపసు వచ్చింది. మరణించిన అధికారి సంతకం చెల్లదు. మిగతా సిబ్బంది కూడా అదే స్థితిలో ఉన్నందున, నియమావళి ప్రకారం మండలంలో జీవించి ఉన్న వారిలో జ్యేష్ఠులైన వ్యక్తికి తక్షణం చార్జి అప్పగించవలెను. ఎర్నమ్మ కంటే జ్యేష్ఠులు మండలంలోనే కాదు, ఎక్కడా ఉండే అవకాశం లేదు.

మధ్యాహ్నం వంట అయ్యాక ఆవిడ వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుని త్రివిక్రమరావు గారి కుర్చీ అంచు మీద కూర్చుంది. ఆయన పక్కన నిలబడ్డారు. పోయిన వాళ్ళు కూర్చోవచ్చో లేదో ఏ సర్క్యులరులోనూ లేదు. పునరుజ్జీవన ఉత్తర్వు ఆవిడ ముందు పెట్టి, వేలిముద్ర వేస్తే చాలని ఆయన చెప్పారు.

"ఏటుంది ఇందులో? సదవండి," అంది ఎర్నమ్మ.

ఆయన చదివారు. పక్షోత్సవాలు దిగ్విజయంగా ముగిసినవనీ, పౌరులందరూ తమ గడులను నింపుకుని ప్రభుత్వానికి సహకరించిరనీ, అనంతరం సాంకేతిక కారణాల వల్ల సంభవించిన మరణాలను వెనక్కి తీసుకోవడమైనదనీ ఉంది. చదువుతూంటే ఆయన గొంతు క్రమంగా తగ్గింది. పైకి చదివినప్పుడు అది ఎలా ఉంటుందో ఆయన ఇంతకు ముందు వినలేదు. ఎర్నమ్మ మొత్తం విని, సన్యాసిరావు వైపు తిరిగి, మళ్ళీ ఇలా జరక్కుండా ఏం చెయ్యాలని అడిగింది.

అతని దగ్గర మొదటి రోజు చెప్పిన మార్పు రాసిన కాగితం ఉంది. మూడు లైన్లు. అతను దాన్ని పైకి చదివాడు. రెండు గీతల మధ్య ఏమీ లేకపోతే, ఏమీ లేదని రాయమని దాని సారాంశం.

"ఇంతేనా," అంది ఆవిడ. "నేనిదే కదా అడిగినాను. ఉన్నదెయ్యమని."

రెండు కాగితాల మీదా వేలిముద్ర వేసింది. సన్యాసిరావు ఆవిడదాంతో సహా మరణ తేదీలన్నీ తీసేసి, పదకొండు నిమిషాల్లో ప్రోగ్రాం మార్చాడు. నాలుగు గంటలకల్లా దిబ్బలవలస మండలం బతికింది. ఎర్నమ్మ కొత్త పత్రం తనే అచ్చువేసి, గడి గడీ చదివి వినిపించాడు. ఇంటి నంబరు దగ్గర ఆగి, ఇక్కడ ఖాళీగా ఉందమ్మా అన్నాడు. ఆవిడ తల ఊపింది. వయసు నలభై ఏడు అన్నప్పుడు మాత్రం పత్రం చేతిలోకి తీసుకుని, అంకెలు తెలీకపోయినా కాసేపు చూసుకుంది. ఎంపిక ఉత్తర్వు అప్పటికే బడికి చేరింది. వెనక్కి తీసుకోవాలంటే దానికి వేరే ఫారం ఉంది.

మర్నాడు ప్రాణంతో వచ్చిన త్రివిక్రమరావు గారు ముందుగా, ధ్రువీకరించిన ప్రోగ్రాం మార్చినందుకు సన్యాసిరావుకి మెమో ఇచ్చారు. తరవాత చార్జి వెనక్కి తీసుకోబోయారు. చార్జి మార్పిడి ఫారంలో నాలుగో గడి, చార్జి ఇచ్చువారి ఇంటి నంబరు. ప్రోగ్రాంకి ఖాళీ అలవాటైంది గాని ఫారాలకి ఇంకా కాలేదు. ఆ ఫారం కింద త్రివిక్రమరావు గారి సర్క్యులరు నంబరే వేసి ఉంది.

అందుకని ఇవాళ్టికీ దిబ్బలవలస మండలం పౌర వివరాల కేంద్రానికి ఇన్‌చార్జి అధికారి ఎర్నమ్మే. రోజూ పదకొండింటికి ఫైళ్ళు బడి వంటపాకకి వెళ్తాయి. అన్నం వార్చాక, పప్పు తాలింపు పెట్టే లోపల ఆవిడ వేలిముద్రలు వేస్తుంది. ఆవిడకి చదువు రాదు గనక ప్రతి ఫైలూ తెచ్చినవాళ్ళు పొయ్యి పక్కన నిలబడి, నూట నలభై మంది పిల్లలకి వినబడేలా పైకి చదవాలి. మొదటి వారం అరవై ఫైళ్ళు వచ్చాయి. ఇప్పుడు రోజుకి నాలుగో అయిదో వస్తున్నాయి. మిగతావి తెచ్చేవాళ్ళు దారిలో ఒకసారి తమలో తాము చదువుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నారు.